ఇంటి పనులకు వైర్‌లెస్ బోర్డు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆర్డునో ఊనో బోర్డుతో చిన్న చిన్న ప్రయోగాలు చేసిన అనుభవం నాకుంది. ఇప్పుడు ఇంట్లో దీపాలను, నీటి ట్యాంకు మోటారును, గదుల ఉష్ణోగ్రతను ఫోనులోంచి గమనిస్తూ నడిపే ఏర్పాటు చేసుకోవాలనుకుంటున్నాను. వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు) బోర్డులు లెక్కకు మించి కనిపిస్తున్నాయి. వాటి వివరాల పట్టికల్లో మెగాహెర్ట్జులు, కిలోబైట్లు తప్ప నాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకడం లేదు. ఒక బోర్డు మంచిదో కాదో దేన్ని చూసి నిర్ణయించుకోవాలి?

జవాబు: ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. మీరు కొనే వస్తువులో మూడు పొరలు ఉంటాయి. అడుగున ఉండేది చిప్పు. దానిని ఫ్లాష్ మెమరీతోనూ యాంటెనాతోనూ కలిపి రేకు మూత బిగిస్తే అది మాడ్యూలు. ఆ మాడ్యూలుకు యూఎస్‌బీ పోర్టు, వోల్టేజీ రెగ్యులేటరు, పిన్నుల వరసలు జోడిస్తే డెవలప్‌మెంట్ బోర్డు. పట్టికలో మీరు చూస్తున్న అంకెలు చాలావరకు చిప్పుకు సంబంధించినవి. ఇంట్లో ఎదురయ్యే ఇబ్బందులు మాత్రం ఎక్కువగా బోర్డు నుంచి వస్తాయి. అందుకే ఒకే చిప్పు ఉన్న రెండు బోర్డుల్లో ఒకటి ఏడాదిపాటు మాట్లాడకుండా పనిచేస్తే, రెండోది వారానికోసారి రీసెట్ నొక్కించుకుంటుంది. ఎవరూ చూడని చోట, గోడకు బిగించిన తర్వాత, కరెంటు పోయి వచ్చినప్పుడు, రూటరు ఆగి మళ్లీ మొదలైనప్పుడు ఆ బోర్డు తనంతట తాను కోలుకుంటుందా లేదా అన్నదే ఇంటి పనికి అసలైన కొలత. ఆ కొలతతో చూస్తే పట్టికలోని చాలా అంకెలు వెనక్కి వెళ్లిపోతాయి.

వేగం సంగతే తీసుకోండి. ఎస్ప్రెసిఫ్ సంస్థ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ8266 చిప్పు 80 మెగాహెర్ట్జుల వేగంతో పనిచేస్తుంది, కావాలంటే 160కి పెంచుకోవచ్చు. అదే సంస్థ 2016లో తెచ్చిన ఈఎస్‌పీ32లో రెండు కోర్లు ఉండి 240 మెగాహెర్ట్జుల వరకు వెళతాయి. నిమిషానికొకసారి ఉష్ణోగ్రత చదివి నాలుగు అంకెలు పంపే పనికి మొదటిదే ఎక్కువ. కానీ ర్యామ్ విషయంలో ఆ మాట చెల్లదు. ఈఎస్‌పీ8266 రూటరుకు కనెక్టయిన తర్వాత మన ప్రోగ్రాముకు మిగిలే జాగా సుమారు 50 కిలోబైట్లు. సందేశాలను గుప్తీకరించి పంపే టీఎల్ఎస్ విధానం ఒక్క కనెక్షనుకే అందులో గణనీయమైన భాగాన్ని అడుగుతుంది. 520 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఈఎస్‌పీ32లో ఆ ఇరుకు ఉండదు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఈఎస్‌పీ32నే సూచించడానికి మొదటి కారణం ఇది, వేగం కాదు. రెండో కారణం, సెన్సర్లకు అవసరమైన లైబ్రరీలు, ఉదాహరణలు దానికి దొరికినన్నిగా మరో వైర్‌లెస్ చిప్పుకు దొరకవు.

మీకు ఊనో అలవాటు ఉందన్నారు కనుక 2023లో వచ్చిన ఊనో ఆర్4 వైఫైని కూడా గుర్తుచేయాలి. దాని పిన్నులు పాత ఊనోలాగే 5 వోల్టులతో పనిచేస్తాయి, పైన అమర్చే పాత షీల్డులు ఎక్కువగా సరిపోతాయి. వైఫై పనిని మాత్రం పక్కనే ఉన్న ఈఎస్‌పీ32-ఎస్3 చూసుకుంటుంది. మీ దగ్గర ఇప్పటికే 5 వోల్టుల సెన్సర్లు పోగుపడి ఉంటే అది సుఖమైన దారి, కానీ ప్రధాన చిప్పులో ర్యామ్ 32 కిలోబైట్లే. 2022లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో డబ్ల్యూ మైక్రోపైథాన్ భాషతో నేర్చుకునేవారికి చాలా అనుకూలమైనది, దాని పత్రాలు చదవదగినంత శ్రద్ధగా రాసి ఉంటాయి.

పత్రాల ప్రస్తావన వచ్చింది కనుక ఒక గట్టి సలహా. స్కీమాటిక్ (సర్క్యూటు పటం) దొరకని బోర్డును ఇంటి పనికి తీసుకోవద్దు. అందులో ఏ రెగ్యులేటరు వాడారో, ఏ పిన్నుకు ఎల్ఈడీ తగిలించారో, యూఎస్‌బీ చిప్పు ఎక్కడి నుంచి విద్యుత్తు తీసుకుంటుందో తెలియకపోతే తర్వాత వచ్చే ప్రతి సమస్యలోనూ చీకట్లో వెతుక్కోవాలి. బ్రెడ్‌బోర్డు మీద ప్రయోగాలు చేయదలిస్తే బోర్డు వెడల్పు కూడా చూడండి. ఈఎస్‌పీ32 బోర్డుల్లో కొన్ని ఎంత వెడల్పంటే, బ్రెడ్‌బోర్డులో గుచ్చిన తర్వాత ఒక పక్క తీగ దూర్చడానికి రంధ్రమే మిగలదు.

ప్రశ్న: ఈఎస్‌పీ32 బోర్డు తీసుకున్నాను. మట్టి తేమను కొలిచే సెన్సర్‌ను జీపీఐఓ 25 అనే పిన్నుకు కలిపితే రీడింగ్ చక్కగా వచ్చింది, వైఫై జోడించగానే ఆగిపోయింది. ఇక రిలే (చిన్న సంకేతంతో పెద్ద విద్యుత్తును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మాడ్యూలును జీపీఐఓ 12కు కలిపితే బోర్డు మొదలు కావడమే మానేసింది. రిలే తీసేస్తే మామూలుగా పనిచేస్తోంది. బోర్డులో లోపం ఉందా?

జవాబు: బోర్డులో లోపం లేదు. రెండూ ఆ చిప్పు స్వభావంలోంచి వచ్చినవే, వాటి పరిష్కారమూ సులువే.

ఈఎస్‌పీ32లో అనలాగ్ సంకేతాలను చదివే ఏడీసీలు రెండున్నాయి. రెండోదానిని వైఫై విభాగం తన అవసరాలకు వాడుకుంటుంది కనుక, వైఫై నడుస్తున్నంతసేపు మన ప్రోగ్రాము దానిమీద ఆధారపడలేదు. జీపీఐఓ 25 ఆ రెండో ఏడీసీకి చెందినది. 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు మొదటి ఏడీసీవి, సెన్సర్‌ను వాటిలో మీ బోర్డు మీద బయటికి ఇచ్చిన ఏ పిన్నుకు మార్చినా వైఫైతో పాటు పనిచేస్తుంది. ఇందులో 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్ పిన్నులు మాత్రమే. వాటికి సెన్సర్ పెట్టవచ్చు గాని రిలే పెట్టలేరు, వాటిలో అంతర్గత పుల్-అప్ నిరోధకాలు (పిన్నును 3.3 వోల్టుల వైపు లాగి ఉంచేవి) కూడా ఉండవు కనుక బటన్ పెడితే బయట ఒక నిరోధకం జోడించాలి. ఏడీసీ కొలత రెండు చివర్లలోనూ, అంటే సున్నాకు దగ్గరలోనూ గరిష్ఠానికి దగ్గరలోనూ, సరళంగా ఉండదని కూడా గుర్తుంచుకోండి. మట్టి తడిగా ఉందా పొడిగా ఉందా అని తెలుసుకోవడానికి అది చాలు. బ్యాటరీ వోల్టేజీని ఖచ్చితంగా కొలవాలంటే విడిగా ఒక ఏడీసీ చిప్పు జోడించడం మేలు.

జీపీఐఓ 12 కథ వేరు. చిప్పు మేల్కొనే క్షణంలో కొన్ని పిన్నుల స్థితిని చూసి తాను ఎలా మొదలు కావాలో నిర్ణయించుకుంటుంది. 0, 2, 5, 12, 15 సంఖ్యల పిన్నులు ఆ కోవకు చెందినవి. 12వ పిన్ను ఆ క్షణంలో హై స్థితిలో, అంటే 3.3 వోల్టులకు దగ్గరగా, ఉంటే, ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులు చాలునని చిప్పు అనుకుంటుంది. సాధారణ మాడ్యూళ్లలో ఉండే ఫ్లాష్‌కు 3.3 వోల్టులు కావాలి, కాబట్టి ప్రోగ్రాము చదవడమే కుదరదు. మార్కెట్లో ఎక్కువగా కనిపించే రిలే మాడ్యూళ్లు ‘లో’ సంకేతంతో, అంటే సున్నా వోల్టులకు దగ్గరి సంకేతంతో, పనిచేసేవి, వాటి ఇన్‌పుట్ తీగ ఖాళీగా ఉన్నప్పుడు హై వైపు లాగబడి ఉంటుంది. ఆ లాగుడే మీ బోర్డును ఆపింది. రిలేను 16, 17, 18, 19, 21, 22, 23 సంఖ్యల పిన్నుల్లో ఒకదానికి మార్చండి. మీది పీఎస్ర్యామ్ (అదనపు ర్యామ్) ఉన్న రోవర్ మాడ్యూలైతే 16, 17లను కూడా వదిలేయాలి. 6 నుంచి 11 వరకు ఉన్నవి ఫ్లాష్‌కు కలిసి ఉంటాయి కనుక, బోర్డు మీద బయటికి ఇచ్చినా వాటి జోలికి పోకూడదు.

మీరు అడగని విషయం ఒకటి ఇక్కడే చెప్పడం అవసరం. ఈ చిప్పు పిన్నులు 3.3 వోల్టులకు తయారైనవి. ట్యాంకులో నీటి మట్టం కొలవడానికి చాలామంది వాడే హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ 5 వోల్టులతో నడిచి, 5 వోల్టుల సంకేతాన్నే తిరిగి ఇస్తుంది. నేరుగా కలిపితే కొన్నాళ్లు పనిచేసినట్టే కనిపించి తర్వాత పిన్ను దెబ్బతినవచ్చు. 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ నిరోధకాలతో వోల్టేజీ డివైడరు కడితే ఆ 5 వోల్టులు సుమారు 3.3కు దిగుతాయి. రెండు నిరోధకాల పని, దానిని వాయిదా వేయకండి.

ప్రశ్న: తోటలో పెట్టే ఉష్ణోగ్రత సెన్సర్‌ను బ్యాటరీతో నడపాలనుకున్నాను. డీప్ స్లీప్ అనే గాఢనిద్రలో ఈఎస్‌పీ32 సుమారు 10 మైక్రో ఆంపియర్లే తీసుకుంటుందని దాని వివరాల పత్రమైన డేటాషీట్‌లో ఉంది. 2000 మిల్లీ ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ పెట్టి, పావుగంటకొకసారి మేల్కొనేలా కోడ్ రాశాను. రెండు వారాలకే బ్యాటరీ అయిపోయింది. డేటాషీట్ చెప్పింది నిజం కాదా?

జవాబు: డేటాషీట్ చిప్పు గురించి నిజమే చెప్పింది, బ్యాటరీని ఖాళీ చేసింది బోర్డు. కాగితం మీద లెక్క వేసి చూద్దాం.

మీ బోర్డు ప్రతిసారీ మేల్కొని, రూటరుకు కనెక్టయి, సమాచారం పంపి నిద్రపోవడానికి 4 సెకన్లు పడుతుందనీ, ఆ సమయంలో సగటున 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనీ అనుకుందాం. పావుగంటకొకసారి అంటే రోజుకు 96 సార్లు. 96ను 4తో, దానిని 100తో గుణించి 3600తో భాగిస్తే రోజుకు సుమారు 10.7 మిల్లీ ఆంపియర్-అవర్లు. నిద్రలో 10 మైక్రో ఆంపియర్ల చొప్పున రోజంతటికీ అయ్యేది 0.24 మాత్రమే. రెండూ కలిపితే 11కు దగ్గర, అంటే మీ బ్యాటరీ ఆరు నెలలు రావాలి. ఇప్పుడు బోర్డును లెక్కలోకి తీసుకోండి. చాలా బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటరు ఏ పనీ లేకపోయినా తన కోసం సుమారు 5 మిల్లీ ఆంపియర్లు ఖర్చు చేస్తుంది. రోజుకు 120 మిల్లీ ఆంపియర్-అవర్లు దానికే పోతాయి. రోజువారీ మొత్తం 131కి చేరుతుంది, 2000ను దానితో భాగిస్తే 15 రోజులు. మీరు చూసిన రెండు వారాలు అవే. ఎప్పుడూ వెలిగే పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ-సీరియల్ చిప్పు కూడా ఉంటే ఇంకా ముందే అయిపోతుంది.

ఆ రెగ్యులేటరుతో మరో చిక్కు కూడా ఉంది. 3.3 వోల్టులు ఇవ్వాలంటే దానికి కనీసం మరో 1 వోల్టుకు పైగా ఎక్కువ అందాలి. లిథియం అయాన్ సెల్లు నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇచ్చి, వాడేకొద్దీ 3.7కు, ఇంకా దిగువకు వస్తుంది. కాబట్టి సెల్లులో సగం శక్తి ఉండగానే చిప్పుకు చాలినంత వోల్టేజీ అందకుండా పోతుంది. వైఫై ప్రసారం మొదలైన క్షణంలో ప్రవాహం 240 మిల్లీ ఆంపియర్ల వరకు ఎగుస్తుంది, వోల్టేజీ కుంగుతుంది, వోల్టేజీ తగ్గితే పనిచేసే బ్రౌన్-అవుట్ రక్షణ చిప్పును రీసెట్ చేస్తుంది. మళ్లీ మేల్కొంటుంది, మళ్లీ వైఫై, మళ్లీ రీసెట్. ఈ తిరుగుడులో మిగిలిన బ్యాటరీ గంటల్లో ఖాళీ అవుతుంది.

బ్యాటరీతో నడపదలిస్తే, నిశ్చల స్థితిలో కొన్ని మైక్రో ఆంపియర్లే తీసుకునే, తక్కువ వోల్టేజీ తేడాతో పనిచేసే రెగ్యులేటరు ఉన్న బోర్డును వెతకండి. బ్యాటరీ సాకెట్టు ఉన్నంత మాత్రాన అది బ్యాటరీకి తగిన బోర్డు కాదు. సాకెట్టు ఉండి, నిద్రలో బోర్డు మొత్తం ఎంత తీసుకుంటుందో తయారీదారు రాసి ఉంటేనే నమ్మండి, నమ్మిన తర్వాత కూడా కొలిచి చూడండి. మల్టీమీటరును మైక్రో ఆంపియర్ల శ్రేణిలో పెట్టి కొలిస్తే, ఆ శ్రేణిలో మీటరు లోపలి నిరోధం ఎక్కువ కనుక వైఫై మొదలవగానే బోర్డు రీసెట్ అయిపోతుంది. మేల్కొని ఉన్నంతసేపు పెద్ద శ్రేణిలో ఉంచి, నిద్రలోకి వెళ్లాక, విద్యుత్తు తెగిపోకుండా చూసుకుంటూ, చిన్న శ్రేణికి మారాలి.

రెగ్యులేటరు సంగతి తేలిన తర్వాత మిగిలేది మెలకువ సమయం. రూటరు ఛానెల్‌ను, దాని బీఎస్ఎస్ఐడీ అనే గుర్తింపు సంఖ్యను నిద్రలోనూ చెరగని ఆర్‌టీసీ మెమరీలో దాచి, ఐపీ చిరునామాను స్థిరంగా ఇస్తే, ప్రతిసారీ వెతుకులాట తప్పుతుంది. ఆ 4 సెకన్లు 1 సెకనుకు తగ్గిందనుకుంటే రోజువారీ ఖర్చు 3 మిల్లీ ఆంపియర్-అవర్లలోపుకు దిగుతుంది. కాగితం మీద అది ఏడాదిన్నర దాటుతుంది, అక్కడి నుంచి బ్యాటరీ తనంతట తాను కోల్పోయే శక్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉష్ణోగ్రత పావు డిగ్రీ కూడా మారనప్పుడు వైఫైని మేల్కొల్పకుండానే తిరిగి నిద్రపోయేలా రాస్తే ఇంకా మంచిది. ఈఎస్‌పీ8266 వాడేవారు మాత్రం జీపీఐఓ 16ను రీసెట్ పిన్నుకు తీగతో కలపాలని మరచిపోకండి. ఆ తీగ లేకపోతే డీప్ స్లీప్‌లోకి వెళ్లిన చిప్పు టైమరుతో లేవదు.

ప్రశ్న: బల్ల మీద బాగా పనిచేసిన బోర్డు స్విచ్ బోర్డు పెట్టెలో పెట్టాక తరచూ వైఫై నుంచి విడిపోతోంది. రూటరు పక్క గదిలోనే ఉంది. బయటి యాంటెనా ఉన్న బోర్డు కొనాలా?

జవాబు: పెట్టె లోహంతో చేసినదైతే బోర్డు మార్చినా యాంటెనా పెట్టెలోనే ఉన్నంతవరకు ఫలితం మారదు. 2.4 గిగాహెర్ట్జుల తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు. మాడ్యూలు చివర మెలికలు తిరిగి కనిపించే రాగి గీతే దాని యాంటెనా, దాని చుట్టూ లోహం, తీగలు, ఇతర సర్క్యూట్లు లేకుండా కాస్త ఖాళీ ఉండాలి. ప్లాస్టిక్ పెట్టెలో కూడా ఆ గీత మీదుగా మందపాటి కరెంటు తీగలు వెళ్తుంటే సిగ్నల్ పడిపోతుంది. ముందుగా యాంటెనా వైపును పెట్టె అంచుకు, తీగలకు దూరంగా తిప్పి చూడండి. సిగ్నల్ బలాన్ని చెప్పే ఆర్ఎస్ఎస్ఐ విలువను ఒక రోజంతా నమోదు చేయండి. మైనస్ 70 డీబీఎం కంటే మెరుగ్గా నిలకడగా ఉంటే నిశ్చింత, మైనస్ 80 దాటి దిగజారుతుంటే ఆ చోటు పనికిరాదు. అప్పుడు వ్రూమ్-32యూ వంటి, కనెక్టరు ఉన్న మాడ్యూలును తీసుకుని యాంటెనాను పెట్టె బయటికి తేవడం సరైన దారి.

ఇంకొక చిన్న సంగతి. ఈఎస్‌పీ32, దాని కుటుంబంలోని సీ3, ఎస్3, సీ6 అన్నీ 2.4 గిగాహెర్ట్జుల వైఫైకే పరిమితం, 5 గిగాహెర్ట్జులు కూడా అందుకునేది సీ5. కొత్త బోర్డు రూటరును గుర్తించడమే లేదని రాసే పాఠకులు ముందుగా రూటరులో 2.4 గిగాహెర్ట్జుల బ్యాండ్ తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

ప్రశ్న: నీటి మోటారును ఈఎస్‌పీ32తో, 10 ఆంపియర్లు అని రాసి ఉన్న రిలే మాడ్యూలుతో నడపవచ్చా? ట్యాంకు నిండగానే సర్వరు నుంచి ఆపమని ఆదేశం వచ్చేలా చేశాను.

జవాబు: ఈ రెండు ఏర్పాట్లలో ఏదీ క్షేమం కాదు. రిలే మీద రాసిన 10 ఆంపియర్లు హీటరు వంటి నిరోధక భారానికి వర్తిస్తాయి. మోటారు మొదలయ్యే క్షణంలో తన మామూలు ప్రవాహానికి ఎన్నో రెట్లు లాగుతుంది, ఆగే క్షణంలో కాంటాక్టుల మధ్య మెరుపు పుట్టిస్తుంది. కాలక్రమంలో కాంటాక్టులు అతుక్కుపోతే మీ కోడ్ ఎంత చక్కగా ఆపమని చెప్పినా మోటారు ఆగదు. చిన్న రిలేతో మోటారు సామర్థ్యానికి తగిన కాంటాక్టరును (భారీ ప్రవాహానికి తయారైన పెద్ద రిలేను) నడిపించి, ఆ కాంటాక్టరుతో మోటారును నడపాలి. ఆ భాగాన్ని అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఇంటి కరెంటు తీగలు, 3.3 వోల్టుల తీగలు ఒకే పెట్టెలో పక్కపక్కన వదులుగా పడి ఉండకూడదు. బోర్డు చచ్చిపోయినా మోటారును చేత్తో ఆపగలిగే మామూలు స్విచ్ తప్పనిసరిగా ఉండాలి.

రెండో విషయం నాకు ఇంకా ముఖ్యమైనదిగా అనిపిస్తుంది. ఆపడమనే నిర్ణయం సర్వరు చేతిలో ఉంటే, వైఫై పోయిన రోజున ట్యాంకు పొంగుతుంది. మట్టం చూసే సెన్సరూ రిలే కూడా ఒకే బోర్డుకు కలిసి ఉండాలి, నిండితే ఆపడం ఆ బోర్డే చేయాలి, సర్వరుకు కబురు మాత్రమే వెళ్లాలి. సెన్సర్ మాట ఎలా ఉన్నా, ట్యాంకు నిండడానికి పట్టే సమయానికి కాస్త పైన ఒక గరిష్ఠ పరిమితి పెట్టి, అది దాటితే మోటారు ఆగేలా రాయండి. సెన్సర్ నుంచి అర్థంలేని విలువ వచ్చినా, అసలు విలువే రాకపోయినా ఆగిపోవడమే సరైన ప్రవర్తన. బోర్డు రీసెట్ అయినప్పుడు రిలే ఏ స్థితిలో ఉంటుందో కూడా కళ్లారా చూడాలి, ఎందుకంటే కొన్ని పిన్నులు మొదలయ్యే క్షణంలో కాసేపు హై, లోల మధ్య మారతాయి, రిలే టక్కున కొట్టుకుంటుంది. మోటారు కలపకముందు, రిలే ఒక్కటే పెట్టి కరెంటు తీసి పెడుతూ పదేపదే ఈ పరీక్ష చేయండి.

లో సంకేతంతో పనిచేసే 5 వోల్టుల రిలే మాడ్యూలుకు 3.3 వోల్టుల పిన్ను కలిపినప్పుడు రిలే పూర్తిగా ఆఫ్ కాకపోవడం తరచూ కనిపించే ఇబ్బంది. మాడ్యూలు మీద జేడీ-వీసీసీ అనే జంపరు ఉంటే దానిని తీసి, జేడీ-వీసీసీకి 5 వోల్టులు, వీసీసీకి 3.3 వోల్టులు ఇస్తే అది సర్దుకుంటుంది.

ప్రశ్న: ఇప్పుడు కొనే బోర్డు మ్యాటర్ ప్రమాణానికి పనికొచ్చేదై ఉండాలని మిత్రులు అంటున్నారు. జిగ్బీ, థ్రెడ్ అని కూడా వింటున్నాను. ఈఎస్‌పీ32-సీ6 తీసుకోవడమే మంచిదా?

జవాబు: మ్యాటర్ అనేది పరికరాలు మాట్లాడుకునే ఉమ్మడి భాష, కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్ దాని మొదటి రూపాన్ని 2022 అక్టోబరులో విడుదల చేసింది. అది వైఫై మీదా, ఈథర్‌నెట్ మీదా, థ్రెడ్ మీదా నడుస్తుంది. పరికరాన్ని మొదటిసారి ఇంటి వ్యవస్థలో చేర్చుకునేటప్పుడు సాధారణంగా బ్లూటూత్ లో ఎనర్జీని (తక్కువ శక్తితో నడిచే బ్లూటూత్‌ను) వాడుతుంది. థ్రెడ్, జిగ్బీ రెండూ 802.15.4 అనే, సెకనుకు 250 కిలోబిట్ల నిదానమైన, తక్కువ శక్తితో నడిచే రేడియో మీద ఆధారపడినవి. సీ6లో 2.4 గిగాహెర్ట్జుల వైఫై 6, బ్లూటూత్ లో ఎనర్జీ, 802.15.4 మూడూ ఉన్నాయి. అదే కుటుంబంలోని హెచ్2లో వైఫై లేదు, మిగతా రెండూ ఉన్నాయి. నార్డిక్ సంస్థ ఎన్ఆర్ఎఫ్52840 కూడా హెచ్2 కోవకే చెందుతుంది, బ్యాటరీతో చాలాకాలం నడవాల్సిన సెన్సర్లకు అది బాగా నిలదొక్కుకున్న చిప్పు.

అయితే థ్రెడ్ బోర్డు కొన్నంత మాత్రాన పని జరగదు. ఆ థ్రెడ్ నెట్‌వర్కును ఇంటి నెట్‌వర్కుతో కలిపే బోర్డర్ రూటరు ఒకటి ఇంట్లో ఉండాలి. సీ6 ఒక్కదాన్నే బోర్డర్ రూటరుగా వాడదామని కొందరు ఆలోచిస్తున్నారు. అందులో వైఫై, 802.15.4 రెండూ ఒకే రేడియోను వంతులవారీగా పంచుకుంటాయి కనుక ఆ పనికి రెండు చిప్పుల ఏర్పాటే నమ్మదగినది. ఎస్ప్రెసిఫ్ సంస్థ కూడా తన బోర్డర్ రూటరు బోర్డులో ఎస్3, హెచ్2లను జతగా పెట్టింది. ఇక మనం స్వయంగా తయారుచేసిన మ్యాటర్ పరికరానికి ధ్రువీకరణ ఉండదు, పరీక్షల కోసం కేటాయించిన గుర్తింపు సంఖ్యతో అది నడుస్తుంది. ఫోనులో చేర్చేటప్పుడు ధ్రువీకరణ లేదన్న హెచ్చరిక వస్తే కంగారు పడనక్కర లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ ఇంట్లో హోమ్ అసిస్టెంట్ వంటి, 2013లో మొదలై బాగా ఎదిగిన, స్థానికంగా నడిచే వ్యవస్థ ఉంటే, మీ సొంత బోర్డులు మ్యాటర్ మాట్లాడవలసిన అవసరం చాలా తక్కువ. ఈ చిప్పులకు ప్రోగ్రాము తయారుచేసిపెట్టే ఈఎస్‌పీహోమ్‌తోనో, సందేశాలు పంపుకునే పద్ధతైన ఎంక్యూటీటీతోనో అవి ఆ వ్యవస్థతో మాట్లాడితే చాలు. ఎంక్యూటీటీ 1999 నాటిది, పాతదైనా మన అవసరానికి చక్కగా అమరుతుంది. బోర్డు హఠాత్తుగా మాయమైతే బ్రోకరు (సందేశాలను అందుకుని పంచే ప్రోగ్రాము) దాని తరఫున ముందే రాసిపెట్టిన సందేశాన్ని అందరికీ పంపగల లాస్ట్ విల్ అనే సౌకర్యం అందులో ఉంది. ప్రతి బోర్డుకూ దానిని పెట్టుకుంటే ఏ గదిలో ఏది మూగబోయిందో వెంటనే తెలుస్తుంది. గోడలోని విద్యుత్తుతో నడిచేవాటికి మామూలు ఈఎస్‌పీ32 లేదా సీ3 చాలు. బ్యాటరీతో నడిచే సెన్సర్లు ఎక్కువగా కావాలనుకుంటే, బోర్డర్ రూటరు ఇప్పటికే ఉంటే, అప్పుడు సీ6కూ హెచ్2కూ విలువ వస్తుంది.

ప్రశ్న: ఒకే రకం బోర్డులు పది కొని ఇల్లంతా అమర్చాలనుకుంటున్నాను. ముందుగా ఒకటి తెచ్చి పరీక్షించాలంటే ఏమేం చేయాలి?

జవాబు: ఒకటి కాదు, రెండు తెప్పించండి. ఒకటి తప్పుగా ప్రవర్తిస్తే లోపం ఆ ఒక్క బోర్డుదో, నమూనాదో, మీ కోడ్‌దో తేల్చడానికి రెండోది కావాలి. కంప్యూటరు బోర్డును గుర్తించకపోతే ముందు కేబులు మార్చండి, ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే, డేటా తీగలు లేని యూఎస్‌బీ కేబుళ్లు ఇళ్లలో చాలా ఉంటాయి.

బోర్డుకు శాశ్వతంగా వాడబోయే విద్యుత్ అడాప్టరునే, శాశ్వతంగా ఉండబోయే చోటనే, అదే పెట్టెలోనే పెట్టి పరీక్షించండి. కంప్యూటరు యూఎస్‌బీ పోర్టు మీద వచ్చిన ఫలితాలు గోడ మీద చెల్లవు. 3.3 వోల్టుల సరఫరా కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలగాలని ఎస్ప్రెసిఫ్ చెబుతుంది, ఆ సామర్థ్యం రిలే కాయిళ్లకు అయ్యేది కాక మిగలాలి. ఒక్కో చిన్న 5 వోల్టుల రిలే కాయిలు సుమారు 70 నుంచి 90 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది కనుక నాలుగు రిలేలున్న చోట బలహీనమైన అడాప్టరు కుంగిపోతుంది. మూసిన పెట్టెలో రెగ్యులేటరు వేడెక్కుతుందా అని చూడండి. 5 వోల్టులను 3.3కు దించే మామూలు రెగ్యులేటరు ఆ 1.7 వోల్టుల తేడానంతా వేడిగానే వదులుతుంది, ఉష్ణోగ్రత సెన్సరును దాని పక్కనే పెడితే గది ఉష్ణోగ్రతకు బదులు రెగ్యులేటరు ఉష్ణోగ్రతే మీకు కనిపిస్తుంది.

ఓటీఏ, అంటే వైఫై ద్వారానే కొత్త ప్రోగ్రాము ఎక్కించే సౌకర్యం, మొదటి రోజునే ఏర్పాటు చేయండి, దానికి పాస్‌వర్డు పెట్టండి. పది చోట్ల గోడల్లో బిగించిన బోర్డులను విప్పి కేబులు పెట్టడం ఎవరివల్లా కాదు. కొత్త ప్రోగ్రాము రాసేటప్పుడు పాతది చెరగకుండా ఉండాలంటే ఫ్లాష్‌లో రెండింటికీ చోటుండాలి, 4 మెగాబైట్ల ఫ్లాష్ ఉన్న బోర్డు ఈ పనికి సరిపోతుంది, అంతకంటే తక్కువైతే తీసుకోవద్దు. కొత్త ప్రోగ్రాము ఎక్కుతున్న మధ్యలో కావాలనే కరెంటు తీసేయండి. బోర్డు పాత ప్రోగ్రాముతో తిరిగి లేవాలి. వైఫై పాస్‌వర్డు ఫ్లాష్‌లో ఉంటుంది కనుక ఇంటి బయట, ఎవరి చేతికైనా అందే చోట పెట్టే బోర్డుకు ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్, సెక్యూర్ బూట్ అవసరమవుతాయి. అవి ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేనివి, అందుకే రెండు బోర్డుల్లో ఒకదాని మీద మాత్రమే ముందు ప్రయత్నించండి.

ఆపై రూటరును ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. మనం చేయి పెట్టకుండానే బోర్డు తిరిగి కనెక్ట్ కావాలి. రూటరు ఆన్‌లో ఉండి ఇంటర్నెట్ మాత్రమే లేని స్థితిని, బ్రోకరు ఆగిన స్థితిని కూడా విడివిడిగా కల్పించి చూడండి, మూడింటిలోనూ మన కోడ్ వేర్వేరు చోట్ల చిక్కుకుంటుంది. సెట్టింగులను సెకనుకొకసారి ఫ్లాష్‌లో రాసే కోడ్ ఉంటే మార్చండి. ఈ రకం ఫ్లాష్‌లో ఒక్కో భాగాన్ని చెరిపి రాయగలిగేది సాధారణంగా లక్ష సార్లు, ఆ వేగంతో రాస్తే ఆ హద్దు త్వరలోనే దగ్గరపడుతుంది.

ఇవన్నీ అయ్యాక కనీసం ఒక నెల రెండు బోర్డులనూ కదపకుండా వదిలేయండి. ప్రతిసారీ మొదలైనప్పుడు రీసెట్ కారణాన్ని, గంటకొకసారి ఇప్పటివరకు మిగిలిన కనిష్ఠ ర్యామ్‌ను, ఆర్ఎస్ఎస్ఐని సర్వరుకు పంపేలా రాయండి. రీసెట్ మామూలు విద్యుత్ రాకవల్ల జరిగిందా, బ్రౌన్-అవుట్ వల్లా, ప్రోగ్రాము నిలిచిపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్ వల్లా, ప్రోగ్రాము కుప్పకూలడం వల్లా అన్నది ఈఎస్‌పీ32 విడివిడిగా చెప్పగలదు. బ్రౌన్-అవుట్లు కనిపిస్తే అడాప్టరును, రెగ్యులేటరును అనుమానించండి. కనిష్ఠ ర్యామ్ వారం వారం తరుగుతూ పోతుంటే కోడ్‌లో మెమరీ ఎక్కడో కారుతోంది. వాచ్‌డాగ్ రీసెట్లు ఉంటే ఏదో సెన్సర్ జవాబు కోసం ప్రోగ్రాము ఎదురుచూస్తూ నిలిచిపోతోంది. నెల తిరిగేసరికి రెండు బోర్డుల లాగ్‌లోనూ మీరు కావాలని చేసిన రీసెట్లు తప్ప మరేవీ లేకపోతే, అప్పుడు మిగతా ఎనిమిదీ తెప్పించండి.